చల్లదనం కూడా సరుకే

మా సావుకారిని అద్దాల పెట్టెలో పడుకోబెట్టారు. దూరదేశంలో ఉన్న కూతురు వచ్చేదాకా ఉంచాలని కర్నూలు నుంచి తెప్పించిన ఐసుపెట్టె అది. బయట డోన్ ఎండ రోడ్డు మీది తారును కరిగిస్తోంది. లోపల పెట్టె కింది మోటారు కాసేపు గురగురమని తిరిగి, ఆగి, మళ్లీ మొదలవుతోంది. చూడవచ్చిన పక్కింటి ముసలాయన మెల్లగా కుర్చీ జరుపుకొని, అద్దానికి అరచెయ్యి ఆనించి, "శానా సల్లగుండాది" అన్నాడు. ఆ చెయ్యి మళ్లీ తీయలేదు.

నాకు నవ్వొచ్చింది. చావింట్లో నవ్వకూడదని తెలుసు. తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకొని గోడవైపు తిరిగాను. భుజాలు కదులుతుంటే ఏడుస్తున్నాననుకొని ఎవరో వీపు నిమిరారు. అంతకాలం ఆయన బట్టలంగట్లో గుమాస్తాగా ఉన్నవాడు, ఏడవక ఏం చేస్తాడని వాళ్ల ఉద్దేశం. నేను ఆలోచిస్తున్నది మాత్రం ఇది: కొనేవాడు ఎదురుగా లేకపోతే ఏసీని ఒక్క గడియ తిరగనివ్వని మనిషి, ఇప్పుడు ఒక్క బేరమూ లేకుండా పొద్దున్నుంచీ చల్లదనం ఖర్చుపెట్టిస్తున్నాడు. లేచి ఆపేయడానికి ఆయనకు వీలు లేదు, అంతే తేడా.

ఏసీ రిమోటు ఆయన బొడ్లో ఉండేది. కొన్ననాటి ప్లాస్టిక్ కవరు తీయకుండా, దాని మీద రబ్బరు బ్యాండు చుట్టి, పంచె మడతలో దోపుకునేవాడు. బయటికి తీసినప్పుడు వక్కాకు సంచి తీసినట్టే తీసేవాడు. మీట నొక్కేముందు చెయ్యి చాచి, దిష్టి తీసేవాళ్లలా గాలిలో ఒక చుట్టు తిప్పేవాడు. తర్వాత తల ఒక పక్కకు వంచి, మిషను 'టిక్' అనేదాకా ఊపిరి బిగబట్టి వినేవాడు. ఆ చప్పుడు వినగానే ఆయన ముఖంలో సంతోషం కనిపించేది కాదు. గల్లాపెట్టెలో ఎవరో చెయ్యిపెట్టి డబ్బు తీసుకున్నట్టు ఉండేది.

"చల్లదనం కూడా సరుకే అప్పా" అనేవాడు. "గుడ్డను కొలిచిస్తాం గదా, దీన్నీ కొలిచే ఇయ్యాల. ఊరికే పంచేదానికి మనమేమన్నా సత్రం పెట్టినామా?"

కొలత ఆయనదే. తువ్వాలుకో, జాకెట్టు గుడ్డకో వచ్చినవాళ్లకు ఫ్యాను, అదీ నిదానంగా. పండక్కి ఇంటిల్లిపాదికీ తీసుకునేవాళ్లకు ఫ్యాను జోరుగా. ఏసీ పెళ్లి బట్టలకు మాత్రమే. వచ్చింది పెళ్లివాళ్లా కాదా అని గాజుతలుపు అవతలే పసిగట్టే పని నాది. ముందు ఒక పెద్దావిడ చెంగు నెత్తిన కప్పుకొని బోర్డు చదువుతున్నట్టు నిలబడుతుంది. ఆమె వెనక మగవాళ్ల చేతుల్లో ఖాళీ సంచులుంటాయి. నడుమ ఒక పిల్ల తనకేమీ సంబంధం లేనట్టు రైల్వే గేటు వైపు చూస్తుంటుంది. అదీ పెళ్లి. అప్పుడు నేను తలుపు తీసి "రాండి, రాండి" అని రెండుసార్లు అనాలి. మామూలు వాళ్లయితే ఒక్క "రాండి" చాలు. రెండో 'రాండి' చెవిన పడగానే సావుకారి చెయ్యి బొడ్లోకి పోయేది, గొంతు వీధిలోకి వినిపించేది.

"ఏసీ పెట్టప్పా! ఎంత ఎండలో వచ్చినారో నా తల్లులు!"

బిల్లు కట్టి వాళ్లు సంచులు సర్దుకుంటుండగానే మళ్లీ 'టిక్'. చెప్పులు తొడుక్కునే లోపల వాళ్ల నుదుటి మీద చెమట పుట్టేది. ఈ విద్యలో నాకు పేరుండేది. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ పేరు నాకు ఇష్టంగానే ఉండేది. పక్క అంగడి గుమాస్తాలు నా దగ్గరికొచ్చి, 'ఎట్ల కనిపెడతావన్నా' అని అడిగితే, అదేదో తపస్సు చేసి సాధించినట్టు నవ్వేవాణ్ణి.

ఒకసారి తప్పాను. మాసిన పంచె, భుజాన చిరిగిన కండువా, చేతిలో సంచి కూడా లేదు. ఒక్కడే వచ్చాడు పెద్దాయన. ఒక్క 'రాండి' అన్నాను. గుడ్డలు పరిచి చూపించే పరుపు అంచున కూర్చొని చెమట కారుతుంటే, జాకెట్టు గుడ్డ నుంచి మొదలుపెట్టి చాలాసేపు అదీ ఇదీ చూశాడు. చివరికి, "పట్టుచీరలు చూపిస్తావా? కూతురి పెండ్లి. రేపు ఆడోళ్లను పిల్చకరావల్ల, ముందుగాల అంగడి చూసిపోదామని వచ్చినా" అన్నాడు.

సావుకారి దిగ్గున లేచాడు. "ఏమప్పా, బుద్ధుండాదా నీకు? పెద్దాయన వచ్చి ఇంతసేపాయె, ఏసీ పెట్టల్లని తెలీదా?" అని నన్ను కేకలేస్తూనే బొడ్లోంచి రిమోటు తీశాడు. మిషను 'టిక్' అంది.

పెద్దాయన తల ఎత్తి ఏసీ వైపు చూశాడు. "వద్దులే సావుకారీ, పాపం, దాన్ని నిద్ర లేపొద్దు. ఒక తువ్వాలు ఇయ్యి. చెమట తుడుసుకొని పోతా" అన్నాడు. తువ్వాలు కొన్నాడు. అక్కడే ముఖమూ మెడా తుడుచుకున్నాడు. రోడ్డు దాటి ఎదురంగట్లోకి పోయాడు. మరునాడు వాళ్ల ఆడవాళ్లంతా కూడా అక్కడికే పోవడం మేమిద్దరం గాజుతలుపు వెనక నిలబడి చూశాం.

"నీ కండ్లకు అద్దాలు కావాలప్పా" అన్నాడు సావుకారి. తన పద్ధతిలో తప్పుంటుందని ఆయనకు తోచలేదు. నాకు తోచినా నోరు విప్పలేదు.

ఆయనకు ఇంకో సిద్ధాంతం ఉండేది. "ఉక్కపోస్తే కోపమొస్తాది, చలేస్తే నిద్రొస్తాది. రెండిటికీ నడుమ ఉండాది అప్పా యాపారం." దాన్ని అంత బాగా తెలిసినవాడు, ఎంతలో మనిషికి హాయిగా ఉంటుందో వెంట్రుకవాసి తేడా లేకుండా చెప్పగలిగినవాడు, మిషనును మాత్రం ఎప్పుడూ పద్దెనిమిదిలోనే పెట్టేవాడు. రాగానే మొహానికి కొట్టాలి. చీరలు పరిచాక ఆపాలి. వాళ్లు విసనకర్రలా కొంగు ఊపుకోగానే మళ్లీ వేయాలి. బేరం ముగిసేలోపు ఆ మిషను ఎన్నిసార్లు లేచేదో, ఎన్నిసార్లు పడేదో.

బాగుచేయడానికి వచ్చే మెకానిక్కు ఒక పొద్దు విసిగిపోయాడు. "ఏంటికి సావుకారీ దాన్ని ఇట్ల సతాయిస్తారు? ఇరవయ్యారులో పెట్టి వదిలేయండి. ఫ్యాను సన్నగా తిరగనీండి. ఆ గాజుతలుపుకు దళసరి పరదా కట్టండి, పడమటెండంతా లోపలికే వస్తాండాది. చల్లగానూ ఉంటాది, కరెంటూ తక్కువ కాలుతాది."

"ఇరవయ్యారయితే చల్లదనం కనపడదప్పా" అన్నాడు సావుకారి. "కనపడని దాన్ని చూసి ఎవడు మెచ్చుకుంటాడు?"

ఆపైన నావైపు తిరిగి, "ఏమంటావప్పా?" అన్నాడు.

మా ఇంట్లో చిన్న ఏసీ ఉంది. నేనూ నా భార్యా దాన్ని ఇరవయ్యారులో పెట్టి, ఫ్యాను తిప్పి, కిటికీకి పాత దుప్పటి వేలాడదీసి హాయిగా ఉంటాం. మెకానిక్కు చెప్పిన మాట అక్షరాలా నిజమని నా ఒళ్లే చెప్పగలదు. "మీరు చెప్పిందే నిజం సావుకారీ" అన్నాను. మెకానిక్కు తన సంచి భుజాన వేసుకుంటూ నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది. సావుకారిని చూసినప్పుడు ఆ కళ్లలో విసుగే ఉంది. నన్ను చూసినప్పుడు ఉన్నది వేరు.

ఇంతా చెప్పి ఆయన తాను మాత్రం చల్లగా కూర్చునేవాడని చెబితే ఈ బొమ్మ తేలిగ్గా పూర్తయ్యేది. అట్లా కాదు. గల్లా దగ్గరికి ఏసీ గాలి తగిలేదే కాదు. ఇంట్లో ఏసీ లేదు. ఎండాకాలం తడిపిన తువ్వాలు వీపున వేసుకొని మిద్దె మీద పడుకునేవాడట. వయసులో ఉన్నప్పుడు గుడ్డల మూట నెత్తిన పెట్టుకొని కోసిగి చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగాడని చెప్పేవాడు. "ఎండ మనల్నేం చేస్తాదప్పా? మనం పుట్టిందే పెనం మీద" అని, చెమట చుక్క లేని ముఖం నాకు చూపించేవాడు. తనకు లేనిది ఇంకొకరికి ఉండకపోతే అది లోటని ఆయనకు తట్టేది కాదు. అటువంటి మనిషిని తిట్టుకోవడం కొంచెం కష్టం. అయినా లోలోపల తిట్టుకునేవాణ్ణి. పైకి తలూపుతూ లోపల తిట్టుకునేవాడికి ఎంత హాయిగా ఉంటుందో, అలవాటున్నవాళ్లకు తెలుస్తుంది.

అంగడి పాతకాలం మిద్దె. ముందర గాజుతలుపులు, దీపాలు బిగించి మార్చాం గాని, వెనక గది పాతదే. సన్నటి గది. దానికి కిటికీ లేదు. పైకప్పులో గవాచి ఉండేది. మిద్దెలకు వెలుతురు, గాలి కోసం కప్పులో వదిలే చదరపు కంత అది. ఆ గదిలో ముగ్గురు ఆడవాళ్లు కూర్చొని చీరలకు ఫాల్స్ కుట్టేవాళ్లు. ఏసీ కొన్నప్పుడు బయట పెట్టాల్సిన యూనిట్టు, ముందర పెడితే బోర్డు కనపడదని, మిద్దె మీద పెడితే గొట్టం ఎక్కువ పడుతుందని, దొంగలెత్తుకుపోతారని, తీసుకొచ్చి ఆ గదిలో గోడకు బిగించారు. ముందరి గదిలోంచి లాగిన వేడంతా అది ఆ ముగ్గురి మీదికి ఊదేది. కొంతకాలం గవాచి ఉంది కాబట్టి అది పైకి పోయేది.

తర్వాత సావుకారికి ఒక అనుమానం పట్టుకుంది. వానొస్తే నీళ్లు గవాచిలోంచే లోపలికి వస్తాయి కదా, మరి లోపలున్న చల్లదనం కూడా అందులోంచే బయటికి పోతోందని ఆయన లెక్క. వానకాలంలో గవాచి మీద బండ కప్పడం మా వైపు అందరూ చేసేదే. ఈయన ఎండాకాలంలో కప్పించాడు. బేతంచెర్ల బండ తెప్పించి, సందు లేకుండా అంచులకు సిమెంటు పూయించి, కిందికి దిగొచ్చి చేతులు దులుపుకున్నాడు.

"ఇంక పొమ్మను అప్పా, యాడికి పోతాదో చూస్తా."

అది ఎక్కడికీ పోలేదు. వేడి ఆ గదిలోనే సుళ్లు తిరిగింది. ఆ యూనిట్టు తాను వదిలిన వేడినే తాను పీల్చుకొని, కాసేపటికి ఉడికిపోయి ఆగిపోయేది. మెకానిక్కు వచ్చి, "దానికి ఊపిరాడ్డం లేదు సావుకారీ, పైన బండ తీయించండి" అన్నాడు.

"మిషనుకు ఊపిరేందప్పా?" అని సావుకారి పొట్ట పట్టుకొని నవ్వాడు. నేనూ నవ్వాను.

ఫాల్స్ కుట్టే ముగ్గురిలో ఉరుకుందమ్మది కోసిగి పక్కన పల్లె. వాళ్ల ఊరివాళ్లు పనులు లేని నెలల్లో గుంటూరు వైపు మిరపకాయ కోతలకు పోతారు. ఆమె ఆ వలస చాలించుకొని, భర్తతో డోన్‌లో కాపురం పెట్టింది. అతడు బండల లోడింగుకు పోయేవాడు. ఆమె కుట్టిన ఫాల్‌కు దారం కనిపించేది కాదు. చీర తిరగేసి చూసినా కుట్టు ఎక్కడ మొదలైందో తెలిసేది కాదు. నోరు మాత్రం ఎక్కడున్నా వినిపించేది.

"అన్నా, మమ్మల్ని కుట్టేదానికి పెట్టుకున్నారా, ఉడకబెట్టేదానికా?" అంది బండ పడిన కొత్తలో. "ముందర పెండ్లికూతురికి చలి పుడతాండాది, ఈడ మాకు చర్మం ఊడొస్తాండాది. బండ తీయించన్నా. అదేం పెద్ద పని గాదు. మా ఇంటాయన గడ్డపారతో ఒక్క పోటు పొడిస్తే లేస్తాది."

"రేపు చెప్తాలే ఉరుకుందమ్మా" అన్నాను.

చెప్పలేదు. సావుకారి నన్ను పనిలోంచి తీసేస్తాడని కాదు. తీసేయడని నాకు తెలుసు. 'నువ్వు కూడా మిషనుకు ఊపిరంటావా' అని నవ్వుతాడని భయం. ఆయన మనసెరిగినవాడు ఒక్కడే ఉన్నాడు, అది నేను, అని అంగట్లో అందరూ అనుకునేవాళ్లు. ఆ పీట దిగాలంటే నాకు కాళ్లు రాలేదు.

కొన్నాళ్లకు మళ్లీ అడిగింది. "చెప్పినావా అన్నా?"

"చెప్పినా. చూద్దామన్నాడు."

ఆమె సూది పళ్ల మధ్య పట్టుకొని నన్ను తేరిపార చూసింది. సూది తీసి, "నీ రేపు మా ఊరి వాన మాదిరుండాదే అన్నా. అందరూ వస్తాదంటారు, చూసినోడు లేడు" అంది. మిగతా ఇద్దరూ కిసుక్కున నవ్వారు. నేను ఏదో పని ఉన్నట్టు ముందరికి వచ్చేశాను.

ఇక లాభం లేదని ఆమే సావుకారి దగ్గరికి వచ్చింది. మే నెల. అంగట్లో బేరం లేదు కాబట్టి ఏసీ లేదు. పరుపు అవతల నిలబడి, చీర కొంగుతో మెడ తుడుచుకుంటూ, "సావుకారీ, గవాచి తెరిపియ్యి. లోపల ప్రాణం పోతాండాది" అంది.

ఆయన కసరలేదు. కళ్లజోడు పైకి నెట్టి ఆమెను చూశాడు. తర్వాత నావైపు తిరిగి, మామూలుగా, ఒక గుడ్డ రంగు నిలుస్తుందా లేదా అని అడిగినట్టే అడిగాడు.

"ఏమప్పా, లోపల అంత ఉక్కగా ఉండాదా?"

అప్పుడు ఉరుకుందమ్మ కూడా నావైపే చూసింది. 'ఉంది సావుకారీ, మీరొకసారి లోపలికొచ్చి నిలబడండి' అంటే సరిపోయేది. ఆయన వచ్చేవాడు కూడా.

"మే నెల గదా సావుకారీ" అన్నాను. "యాడైనా అంతే."

ఆయన తలూపి మళ్లీ చీరల మడతలు చూసుకున్నాడు. ఉరుకుందమ్మ వెనక్కి తిరిగింది. ఆమె ఏమీ అనకుండా లోపలికి పోవడం నేను చూడటం అదే మొదలు.

ఆ వారంలోనే, ఎక్కడో పెద్ద ఊళ్లో జరిగే పెళ్లికని ఒక కుటుంబం జీపు నిండా వచ్చింది. రెండు 'రాండి'లు అన్నాను. ఏసీ పడింది. పరుపు నిండా పట్టు పరుచుకుంది. వాళ్లు తెగ చూస్తున్నారు, మిషను ఆగకుండా తిరుగుతోంది, అంటే వెనక గదిలో యూనిట్టు ఆగకుండా ఊదుతోంది. ఉన్నట్టుండి లోపల కుట్టుపెట్టె కిందపడి గలగలమంది. "అయ్యో, ఉరుకుందక్కా!" అని కేక.

నేను పోయేసరికి గోడకు జారగిలబడి ఉంది. కళ్లు తేలేసింది. ఒళ్లు పెనంలా ఉంది, చెమట కూడా పట్టలేదు. చంకల కింద చేతులు వేసి ముందరికి ఈడ్చుకొచ్చాను. ఇక ఆయన చేసింది చెబుతాను.

"రాండి, రాండి! ఈడ పడుకోబెట్టండి నా తల్లిని!" అన్నాడు. రెండుసార్లు. పరుపు మీది పట్టుచీరలను తన చేత్తోనే పక్కకు నెట్టాడు. "పోతే పోనీలేప్పా చీరలు, మనిషి కంటే ఎక్కువనా?" మిషను కిందే పడుకోబెట్టించాడు. తడిగుడ్డ తెప్పించి నుదుటి మీద వేయించాడు. కళ్లు తెరిచాక, పెళ్లివాళ్ల కోసం తెప్పించిన నన్నారి షర్బత్తు తానే గ్లాసు పట్టుకొని తాపించాడు. పెళ్లివాళ్లలో పెద్దావిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. "పనిమనిషిని కూడా కడుపులో బిడ్డ మాదిరి చూసుకుంటాండాడే, దేవుడట్లాంటి సావుకారి" అంది. వాళ్లు అనుకున్నవి కాక ఇంకో రెండు పట్టుచీరలు తీసుకున్నారు. ఆ చీరల్ని నేనే విప్పి చూపించాను.

జీపు కదిలింది. మిషను 'టిక్' అని ఆగింది. సావుకారి ఆమె మీదికి వంగి, నిజంగా మెత్తగానే, "ఎట్లుండాది తల్లీ? రోంత లేస్తావా? పరుపు చెమ్మయితాది" అన్నాడు.

ఉరుకుందమ్మ మోచేతి మీద లేచింది. ఆగిపోయిన మిషనును చూసింది. సర్దుతున్న చీరల్ని చూసింది. "నేను పడిపోతే రెండు చీరలు ఎక్కువ పోయినాయి గదా సావుకారీ?" అంది. "రేపు ఎన్ని గంటలకు పడల్లనో చెప్పు, అప్పటికి వస్తా."

ఆయన పగలబడి నవ్వాడు. గట్టి మాటంటే ఆయనకు ఇష్టం, అది తన మీద పడినా సరే. "నోరుండాదే నీకు! ఈ పొద్దు ఇంటికి పో. కూలి ఇస్తాలే" అన్నాడు. రిక్షా మాట్లాడమని నాకు చెప్పాడు.

మరునాడు ఆమె రాలేదు. ఆ మరునాడు భర్త వచ్చి ఆమె కత్తెరా, కింద వేసుకునే బొంతా అడిగి తీసుకున్నాడు. పనికి ఎప్పుడొస్తుందని అడిగాను. "రాదు సామీ. గుంటూరు పక్కకు పోతాండాం" అన్నాడు. "మళ్లీ ఎండలోకేనా?" అన్నాను. ఇంతా చేసి ఆ మాట అడగడానికి నాకు నోరెట్లా వచ్చిందో తెలియదు. "ఆడ ఎండైనా గాలుంటాదంట" అని బొంత చంకలో పెట్టుకొని పోయాడు. కోతలు అయిపోయిన నెలలో గుంటూరు వైపు ఏం పని దొరుకుతుందో నేనూ అడగలేదు, అతడూ చెప్పలేదు.

ఆపైన వచ్చిన అమావాస్యకు అంగడి మూసి ఉంది. తాళంచెవి నా దగ్గర ఉంటుంది. ఒక కూలిమనిషిని పిలుచుకొని మిద్దె ఎక్కాను. ఆమె చెప్పినట్టే ఒక్క పోటుకు బండ లేచింది. అడుగున పేరుకున్న ముక్కవాసన వేడి గాలి మా ముఖాలకు కొట్టింది. "ఏం పెట్టినారు సామీ లోపల, బట్టీనా?" అన్నాడు వాడు. వాన పడకుండా, గాలి ఆడేట్టు, నాలుగు ఇటుకల మీద రేకు ఎత్తిపెట్టించాను. గాజుతలుపుకు దళసరి పరదా కట్టించాను. ఎండకు పట్టు వెలుస్తోందని సావుకారికి ఒక అబద్ధం చెబితే సరేనన్నాడు. గవాచి సంగతి చెప్పనే లేదు. ఆయన వెనక గదిలోకి పోయే మనిషి కాదు కాబట్టి చూడలేదనుకున్నాను. మిషను ఆగిపోవడం మానింది. బిల్లు తగ్గింది. ఉరుకుందమ్మ చోట కొత్తగా వచ్చినామె, పైనుంచి వెలుతురు కళ్లల్లో పడుతోందని సణుగుతూ పీట కొంచెం జరుపుకుంది. ఆ గది మునుపు ఎట్లా ఉండేదో ఆమెకు తెలియదు.

మరుసటేడు మా ఊరి వర్తకులంతా కలిసి కరెంటు పొదుపు మీద ఒక మీటింగు పెట్టుకున్నారు. ఆ హాలులో ఏసీలు ఎంత జోరుగా పెట్టారంటే, వేదిక మీది పెద్దలు సన్మానానికి కప్పిన శాలువాల్ని విప్పకుండా మెడదాకా చుట్టుకున్నారు. వణుకుతూనే ఒకాయన, మితంగా వాడండి, ఇరవయ్యారు దాటితే నష్టం లేదు అని కాగితం చూసి చదివాడు. తర్వాత బిల్లు తగ్గించిన వర్తకుడిగా మా సావుకారిని లేపి, ఆయనకూ శాలువా కప్పారు.

"పెద్ద విద్యేం గాదు" అన్నాడాయన మైకు పట్టుకొని. "బేరమొస్తే ఎయ్యాల, బేరం పోతే ఆపాల. అంతే. మా అంగట్లో చల్లదనం ఒక్క చిటికెడు వృథా పోదు."

హాలంతా చప్పట్లు కొట్టింది. ముందు వరుసలో మొదట కొట్టింది నేనే. అంత అబద్ధాన్ని అంత నమ్మకంగా చెప్పే ముసలాణ్ణి చూసి, లోపల నాకు చాలా రోజులకు సరిపోయే నవ్వు దొరికింది. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఆయన పక్కన కూర్చున్నప్పుడు కూడా ఆ నవ్వు పెదవుల చివర ఉండే ఉంటుంది.

ఆయన శాలువా విప్పి, అంచు వేళ్ల మధ్య నలిపి చూశాడు. "మన అంగట్లో కొన్నదే అప్పా. నాసిరకం" అని మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు. రైలుగేటు పడి ఉంది. ఆటో ఆగింది.

"గవాచి మీద బండ తీసినావు గదా" అన్నాడు, గేటు వైపే చూస్తూ.

నా నవ్వు ఎటు పోయిందో తెలియదు. "మీకు తెలుసా సావుకారీ?"

"నా అంగడి అప్పా అది. అమావాస్య పొద్దు తాళం ఎవరు తీసినారో నాకు తెలీదా? పరదా గూడా బాగుండాది. పట్టు వెలుస్తాదంటివి, నవ్వుకున్నాలే."

"మరి ఏమీ అనలేదే?"

"ఏమనల్ల? మిషను బాగైంది. చల్లదనం పైకి పోదంట గదా, మొన్న మెకానిక్కును అడిగినా. నాకు తెలీదప్పా. గుడ్డ తెలుసు గాని గాలి సంగతి నాకేం తెలుస్తాది?" ఆయన ఈ మాటను ఏ సిగ్గూ లేకుండా, పొరపాటున వేరే రంగు దారం తెచ్చానన్నంత మామూలుగా అన్నాడు. గూడ్సుబండి గడగడమంటూ పోయింది. చప్పుడు తగ్గాక నావైపు తిరిగాడు.

"నీకు తెలుసు గదా. ఆ పొద్దు ఆయమ్మ ముందరే నిన్నడిగినా. మే నెల గదా అంటివి. ఏంటికప్పా?"

అందులో నిలదీయడం లేదు. వెక్కిరింపు అసలే లేదు. ఉంటే నేను ఏదో ఒకటి చెప్పగలిగేవాణ్ణి. ఆయనకు నిజంగానే అర్థం కాలేదు. బేరంలో అవతలివాడు ధర చెప్పేదాకా ఓపిగ్గా కూర్చునేవాడు, అట్లాగే నా ముఖం చూస్తూ కూర్చున్నాడు. గేటు లేచింది. ఆటో పట్టాలు దాటింది, స్టేషన్ రోడ్డు తిరిగింది, మా అంగడి ముందు ఆగింది. ఆయన దిగలేదు. ఇంకా నావైపే చూస్తున్నాడు.

"దిగల్ల పెద్దాయనా" అన్నాడు ఆటో అతను.

నేనే ముందు దిగాను.